పొరమంటా, నడిమంటా?

మార్చి 3, సోమవారం

ఈసారి కుందేలు ఎవరో తేలిపోయింది. మా అక్కే.

కొత్తగా చేరిన అకౌంట్స్ ఆవిడ మెట్ల దగ్గర ఆపి, ఏమిటండీ ఈ కుందేలు గొడవ అని అడిగింది. చెప్పాను. కుందేలు అయినవాళ్ళు కంప్యూటర్లో దొంగ నక్షత్రాలు తయారుచేస్తారు. వాటి వెలుగు ఎలా హెచ్చుతగ్గులవుతుందో ఆ అంకెలు మాత్రం బయటికి వదులుతారు. ఏ నక్షత్రం లోపల ఏముందన్న జవాబులు సీలు వేసి మా సంస్థ పెద్దాయన బీరువాలో పెట్టేస్తారు. మిగతావాళ్ళం, బృందానికొక పద్ధతితో, వేటకుక్కలం. వాసన పట్టి చెప్పాలి. ఎవరి పద్ధతి ఎక్కువ సరిగ్గా చెబితే, కొత్త టెలిస్కోపు అంకెలకి ఆ పద్ధతే వాడతారు. "ఇంతింత చదువులు చదివి మీరు ఆడుకునేది ఇదా" అని ఆవిడ నవ్వింది. నాకు ఒళ్ళు మండింది గానీ ఊరుకున్నాను.

జవాబులు విప్పేదాకా ఇంట్లో నక్షత్రాల ఊసు ఎత్తకూడదని అక్క హుకుం జారీ చేసింది. సరే అన్నాను. లోపల మాత్రం ఎగిరి గంతేశాను. అమ్మా నాన్నా పోయినప్పుడు నాకు పదేళ్ళు, అక్కకి ఇరవై. అప్పట్నుంచి ఒకే ఇంట్లో ఉన్నాం, ఇప్పుడు ఒకే సంస్థలో పనిచేస్తున్నాం, ఆవిడ పై అంతస్తు, నేను కింద. జుట్టు ఎంత బిగించి ముడివేసిందో చూసి ఆ రోజు ఎవరికి మూడిందో చెప్పగలను. అలాంటి మనిషి చేసిన దొంగ నక్షత్రాన్ని పట్టుకోలేనా?

మార్చి 5

నలభై నక్షత్రాలు వచ్చాయి. అన్నీ అరుణ మహాతారలే. అన్నీ పైకి కవల పిల్లల్లా ఉన్నాయి. అక్క పనితనం.

మార్చి 8, శనివారం

అక్క మళ్ళీ పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళింది. పాపం, ఆవిడ పళ్ళు ఇంత బలహీనమని నాకు తెలియదు. నిన్నగాక మొన్న చెరుకు ముక్క కొరికినట్టు పెన్ను మూత కొరికి విరగ్గొట్టింది. అయినా లోపల ఏముందో ఎవరికి తెలుసు.

పక్కింటావిడ వచ్చి, మీరు నక్షత్రాల వాళ్ళు కదా, రాత్రుళ్ళు ఎప్పుడు పడుకుంటారు అంది. ఇది ఆవిడ ఏటా అడిగే ప్రశ్న. టెలిస్కోపు అంతరిక్షంలో ఉంటుందమ్మా, మేం తొమ్మిదింటికి వెళ్ళి ఆరింటికి వచ్చేస్తాం, బ్యాంకు వాళ్ళలాగే అన్నాను. ఆవిడ ముఖం చిన్నబోయింది.

మార్చి 12

ఇవాళ అక్క నాకు బట్టల మిషన్ వాడటం నేర్పింది.

నేనేమీ అడగలేదు. నన్ను చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి, "తెల్లవి వేరు, రంగువి వేరు. ఈ మీట ఇటు తిప్పాలి. సబ్బుపొడి ఇంతే. నీ ఇష్టమొచ్చినట్టు గుమ్మరించకు" అంది.

"నువ్వుండగా నాకెందుకు?"

"ఊరికే నేర్చుకోరాదూ? చేతులరిగిపోతాయా?"

"ఒంట్లో ఏమైనా బాగోలేదా అక్కా? నిజం చెప్పు."

"నాకేం రోగం? గుండ్రాయిలా ఉన్నాను. ఆట అయ్యాక మాట్లాడదాం, వెళ్ళు."

ఆట అయ్యాక. అంటే ఇదంతా ఆటలో భాగమే. నన్ను కంగారు పెట్టి జవాబులు తప్పించాలని ఎత్తు. కుందేలు ఎంతకైనా తెగిస్తుంది. అక్క ఏదో దాస్తోంది, అది నిజం. కానీ ఈ ఇంట్లో అక్క లేకపోవడమన్నది జరిగే పని కాదు కాబట్టి దాని గురించి నేను ఆలోచించడం లేదు.

మార్చి 13

ఆలోచించడం లేదు.

మార్చి 15, శనివారం

నా పన్ను కూడా సలపడం మొదలుపెట్టింది. వెనక దవడ. అక్క తన డాక్టరు దగ్గరికే తోసి పంపింది.

ఈ డాక్టరు నెమ్మదైన మనిషి. యాభై ఏడో ఎనిమిదో ఉంటాయి. క్లినిక్ కింద, ఇల్లు పైన. గోడ మీద భార్య ఫోటో ఉంది. ఆవిడ పోయి చాలా ఏళ్ళయిందట. నన్ను కుర్చీలో పడుకోబెట్టి, నోట్లో దూది కుక్కి, ఇంకేం మాట్లాడలేని స్థితికి తెచ్చాక కబుర్లు మొదలుపెట్టాడు.

"పై నుంచి చూస్తే ఈ రెండు పళ్ళూ ఒకేలా ఉన్నాయండీ. కానీ ఒకటి లోపల పుచ్చింది. మీ అరుణ మహాతారలు కూడా అంతే కదా?"

ఆఁ అన్నాను. అంతకంటే అనలేను.

"రంగొకటే, వెలుగొకటే. ఒకదాంట్లో నడుమ హీలియం మండకుండా ముద్దగా పడి ఉంటుంది, దాని చుట్టూ పొరలో హైడ్రోజన్ మండుతుంటుంది. ఇంకోదాంట్లో ఆ హీలియమే అంటుకుని నడుమ మండుతుంటుంది, అది వయసు ముదిరిన నక్షత్రం. మొదటిది పొరమంట, రెండోది నడిమంట. మీ అక్కగారు పెట్టిన పేర్లట కదా అవి, మీ ఆఫీసంతా అవే వాడతారట."

ఆఁ.

"ఎలా పట్టుకుంటారంటే, నక్షత్రం లోపల అలలు తిరుగుతుంటాయి. ఆ కంపనాలకి వెలుగు కాస్త పెరుగుతూ తరుగుతూ ఉంటుంది. ఏళ్ళ తరబడి కొలిచి విడదీస్తే వరసగా శిఖరాలు వస్తాయి. కొన్ని అలలు నడుమ దాకా వెళ్ళి తాకి వస్తాయి కాబట్టి, ఆ శిఖరాల మధ్య ఎడం చూస్తే లోపలి సంగతి తెలిసిపోతుంది. యాభై, అరవై సెకన్లయితే పొరమంట. మూడొందల దగ్గరైతే నడిమంట. సరిగ్గా చెప్పానాండీ?"

సరిగ్గానే చెప్పాడు. మా రెండో ఏడాది విద్యార్థుల కంటే బాగా చెప్పాడు. బయటికి వచ్చేటప్పుడు, ఇదంతా మీకెలా తెలుసని అడిగాను. "మీ అక్కగారు చెప్పారండీ, పళ్ళు చూపించుకునేటప్పుడు" అన్నాడు. చెవులు ఎర్రబడ్డాయి, గదిలో ఉక్కగా ఉంది. నోట్లో దూదీ పనిముట్లూ పెట్టుకుని అక్క ఇంత వివరంగా ఎలా చెప్పిందో నాకు అంతు చిక్కలేదు. పాఠం చెప్పడంలో అక్క తర్వాతే ఎవరైనా.

మార్చి 19

ముప్పై తొమ్మిది తేలిపోయాయి. పదిహేడోది ఒక్కటే కొరకరాని కొయ్యలా మిగిలింది.

చిక్కేమిటంటే, అందులో చిక్కేమీ లేదు. శిఖరాలు కళ్ళకి కట్టినట్టున్నాయి. ఎడం రెండు వందల తొంభై సెకన్లు. పసిపిల్లాడు కూడా నడిమంట అంటాడు. అందుకే నాకు అనుమానం. అక్క నాకు ఇంత తేలిగ్గా ఎందుకిస్తుంది? చిన్నప్పుడు లెక్కలు చెప్పేటప్పుడు కూడా ప్రతి లెక్కలోనూ ఒక మెలిక పెట్టేది.

మార్చి 20

దొరికింది. అక్క ఎత్తు తెలిసిపోయింది.

ఈ శిఖరాల మధ్య ఇంకా శిఖరాలు ఉన్నాయి. అక్క వాటిని అడ్డదిడ్డపు అంకెల రొదలో ముంచేసింది, అంతే. నిజమైన నక్షత్రాల్లోనూ అలా జరుగుతుంది, బలహీనమైన శిఖరాలు రొద కింద మునిగిపోతాయి. ప్రతి రెంటి మధ్యా నాలుగు దాక్కున్నాయనుకుంటే, రెండు వందల తొంభైని అయిదుతో భాగించాలి. యాభై ఎనిమిది. అచ్చంగా పొరమంట. దాచినవాటి చోట్లలో వెతికితే ఒకటి రెండు బుడిపెలు కనిపిస్తున్నాయి కూడా. కాస్త కళ్ళు చికిలించి చూడాలి.

సాయంత్రం టీ తాగుతూ అక్కని చూసి నవ్వాను. "ఏంట్రా ఆ నవ్వు" అంది. ఏం లేదన్నాను. నా దగ్గర దాచి దాటిపోవడం నీ వల్ల కాదమ్మా అనుకున్నాను.

మార్చి 28, శుక్రవారం

జవాబులు ఇచ్చేశాను. పదిహేడు: పొరమంట.

అక్క పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళింది. వెళ్ళే ముందు అద్దంలో చూసుకుంది. పళ్ళు కాదు.

ఏప్రిల్ 4, శుక్రవారం

ముందు ఆఫీసు సంగతి రాస్తాను.

పెద్దాయన సీలు విప్పాడు. అక్క లేచి ఒక్కొక్కటే చదివింది. ఒకటి నుంచి పదహారు దాకా నావి అన్నీ సరి. పెద్దాయన నా వైపు తిరిగి తల ఊపాడు.

"పదిహేడు. నడిమంట. ఎడం రెండు వందల తొంభై."

నేను లేచాను. "మరి మధ్యలో దాచిన శిఖరాలో?"

"ఏ శిఖరాలు?"

"నువ్వు దాచినవి అక్కా." ఆఫీసులో మేడం అనాలి. మరిచిపోయాను.

"నేనేం దాచలేదే. అది ఉన్నదున్నట్టే ఉంది. అందరికీ ఒక తేలికది ఉండాలని పెట్టాను."

హాలంతా ఒకటే నవ్వు. పదకొండు బృందాల్లో పదిహేడోది తప్పింది నేనొక్కణ్ణే. ఆఖరికి కొత్తగా చేరినవాళ్ళు కూడా సరిగ్గా రాశారు. మిగతా ముప్పై తొమ్మిదీ సరిగ్గానే వచ్చాయి, మా పద్ధతే ఎంచుకున్నారు కూడా. పెద్దాయన భుజం తట్టి, "పద్ధతి బంగారం, మనిషే మరీ తెలివైనవాడు" అన్నాడు. చచ్చినంత పనయింది.

ఇంటికి నడిచి వస్తున్నాం. మలుపు దగ్గర అక్క ఆగింది.

"పదిహేడులో ఏమీ దాచలేదు గానీ ఇంట్లో ఒకటి దాచాను. ఆట మధ్యలో చెబితే నువ్వు జవాబులన్నీ తప్పు రాసి నెపం నా మీదికి తోస్తావని ఆగాను. డాక్టరుగారూ నేనూ పెళ్ళి చేసుకుందామనుకుంటున్నాం."

"ఏ డాక్టరు?"

"మనకి ఎంతమంది డాక్టర్లున్నార్రా?"

ఏప్రిల్ 5

పళ్ళ డాక్టరట.

ఏప్రిల్ 6, ఆదివారం

పొద్దున్నే గొడవపడ్డాం. నేను అన్నవి, ఆవిడ అన్నవి, ఉన్నవి ఉన్నట్టు రాస్తాను, తర్వాత నాకు అనుకూలంగా మార్చుకోకుండా.

"యాభై నాలుగేళ్ళకి పెళ్ళేంటి? నలుగురూ నవ్వుతారు" అన్నాను.

"నవ్వనీ. నవ్వితే పళ్ళు బయటపడతాయి, ఆయనకి గిరాకీ పెరుగుతుంది."

నాకు నవ్వొచ్చింది. నవ్వకూడదని బిగబట్టాను. "ఎన్నాళ్ళ నుంచి?"

"పోయిన వానాకాలం నుంచి. నా పళ్ళు బాగానే ఉన్నాయని మొదటి రోజే చెప్పేశాడు. మళ్ళీ రమ్మనడానికి సాకు దొరక్క, మీ నక్షత్రాల గురించి చెప్పండి అన్నాడు. చెప్పాను. విన్నాడు. అంతే."

"అప్పుడు నన్ను పెంచడం కోసం పెళ్ళి మానేశావు. ఇప్పుడు నన్ను వదిలేసి పోతావా?"

అక్కకి అప్పుడు నిజంగా కోపం వచ్చింది. "నీ కోసం మానేశానని నీతో ఎవడు చెప్పాడు? అప్పుడొచ్చిన వాడి వాగుడు నేను భరించలేకపోయాను. తర్వాత చదువులో పడి నాకే తోచలేదు. లేనిపోని త్యాగాలు నాకు అంటగట్టకు. నీ కోసం చేసినవి చేసినట్టే ఉన్నాయి, అవి చాలు."

అక్కడితో నోరు మూసుకోవాల్సింది. నేను మూసుకోలేదు. "నువ్వెళ్ళిపోతే నేనేమైపోవాలి?" అన్నాను. గొంతు పదేళ్ళవాడిదిలా వచ్చింది. నాకు నలభై నాలుగు.

అక్క లేచి పక్కింటి వైపు కిటికీ మూసింది. తర్వాత మామూలుగా అంది. "సరేలే. నువ్వు మనస్ఫూర్తిగా ఊఁ అంటేనే అని ఆయనకి మొదట్నుంచీ చెబుతూనే ఉన్నాను. వద్దని చెప్పేస్తాను. టీ పెట్టనా?"

టీ తాగాం.

ఏప్రిల్ 7

చెప్పేసిందట. ఆయన సరే అన్నాడట. సమస్య తీరిపోయింది.

ఏప్రిల్ 8

హాయిగా ఉంది.

ఏప్రిల్ 9

హాయిగానే ఉంది.

ఏప్రిల్ 12, శనివారం

అక్క నాతో గొడవపడటం మానేసింది.

మొన్న చెప్పులు గుమ్మంలో విడిచాను. తీసి పక్కన పెట్టింది, ఏమీ అనలేదు. నిన్న తెల్ల చొక్కాలూ ఎర్ర కండువా కలిపి మిషన్‌లో వేశాను, కావాలనే వేశాను. నా చొక్కాలన్నీ గులాబీ రంగుకి తిరిగాయి. "పోనీలే, ఈ రంగు నీకు నప్పుతుంది" అంది. ఇది మా అక్క అనే మాట కాదు.

ఇవాళ ఇక ఆఖరి బాణం వేశాను. "నీ నక్షత్రాల్లో నడిమంట ఎక్కడ ఆగుతుందో ఆ హద్దు తప్పుగా వేశావు. నీ లెక్కకి పునాదే లేదు" అన్నాను. పదేళ్ళుగా మా ఇద్దరికీ యుద్ధం ఈ హద్దు మీదే. ఈ మాటకి ఒకసారి నా మీదికి పుస్తకం విసిరింది. పక్కింటావిడ ఎవరైనా పడ్డారా అని పరిగెత్తుకొచ్చింది.

ఇవాళ పుస్తకంలోంచి తల ఎత్తకుండా "అయ్యుండొచ్చు" అంది.

అయ్యుండొచ్చు!

ఎదురుగా కూర్చుని చూస్తూ ఉండిపోయాను. అవే కళ్ళద్దాలు, అదే ముడి, పేజీ తిప్పే ముందు వేలు తడి చేసుకునే అదే అలవాటు. పై నుంచి చూస్తే తేడా ఏమీ లేదు. పై నుంచి ఒకేలా కనిపించేవాటి లోపల మండుతోందో ఆరిపోయిందో చెప్పడానికి నాకు జీతమిస్తున్నారు. ఇంట్లో ఉన్న మనిషిని మాత్రం వారం రోజులు చూసి, హాయిగా ఉంది అని రాసుకున్నాను.

అక్కని ఇలా చూడలేను. అక్క లేని ఇల్లు భయమే, భయం కాదని అబద్ధం రాయను. కానీ ఎదురుగా కూర్చుని అయ్యుండొచ్చు అనే అక్క ఉన్న ఇల్లు అంతకంటే భయంగా ఉంది.

ఏప్రిల్ 14, సోమవారం

ఆఫీసుకి సెలవు పెట్టి క్లినిక్‌కి వెళ్ళాను. గులాబీ చొక్కా వేసుకునే వెళ్ళాను, వేరేది లేదు. లోపల ఒక ముసలాయన కట్టుడుపళ్ళు సరిచేయించుకుంటున్నాడు. ఆయన వెళ్ళేదాకా కూర్చున్నాను. తర్వాత వెళ్ళి నేనే కుర్చీలో పడుకున్నాను. ఎదురుగా నిలబడి మాట్లాడే ధైర్యం లేక.

"నొప్పి మళ్ళీ వచ్చిందాండీ?" అన్నారు. అద్దం, పుల్ల చేతిలోకి తీసుకున్నారు.

"పన్ను బాగానే ఉందండీ. దూది మాత్రం పెట్టకండి. మాట్లాడాలి."

ఆయన పుల్ల కింద పెట్టేశారు.

"మా అక్క వద్దందట."

"అన్నారండీ. నేనేమీ బలవంతం చెయ్యలేదు. మీరేమీ మనసులో పెట్టుకోకండి" అన్నారు. సన్నబడ్డారు. చొక్కా బొత్తాం ఒకటి తప్పు కన్నంలో పెట్టుకున్నారు.

"తను వద్దనలేదు. నేను అనిపించాను." పైకప్పు చూస్తూ చెప్పాను. "ఇప్పుడు ఊఁ అనడానికి వచ్చాను. మనస్ఫూర్తిగానా అని అడక్కండి. ముప్పాతిక వంతు ఉంది. మిగతా పాతిక వంతు ఇంకా మొరాయిస్తోంది, అది దారికి రావడానికి కొన్నాళ్ళు పడుతుంది. దానికోసం మీరిద్దరూ ఆగక్కర్లేదు."

నేను ఆపితే మళ్ళీ మొదలుపెట్టలేనని తెలిసి చెప్పుకుంటూ పోయాను. పొద్దున టీ తాగేదాకా అక్కని ఎవరూ పలకరించకూడదు. పెన్ను మూతలు కొరుకుతుంది, మీరు పళ్ళ డాక్టరు కాబట్టి ఊరుకోలేరు, అయినా ఊరుకోవాలి. లెక్క కుదరనప్పుడు అందర్నీ తిడుతుంది, అది తిట్టు కాదు. ఎదురు చెప్పాలి. తప్పయినా సరే ఎదురు చెప్పాలి. గొడవపడకపోతే ఆవిడకి అన్నం సహించదు. ఎప్పుడైనా మీరన్నదానికి అయ్యుండొచ్చు అని ఊరుకుందంటే మాత్రం భయపడండి. వెంటనే నాకు ఫోన్ చెయ్యండి.

"మీకు నేను ఎదురు చెప్పేవాడిలా కనపడుతున్నానా?" అన్నారు.

"లేదండీ. నేర్చుకోవాలి. నేను బట్టల మిషన్ నేర్చుకోలేదూ?"

నా చొక్కా చూసి ఆయన నవ్వు ఆపుకోలేకపోయారు. నేనూ నవ్వాను. నవ్వుతుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి, తుడుచుకోవడానికి ఆ దూదే ఇచ్చారు.

తలుపు దాకా వచ్చి సాగనంపారు. వస్తానని చెప్పి వచ్చేశాను.

మధ్యాహ్నం రెండింటికే అక్క ఇంటికి వచ్చేసింది. సంచి సోఫా మీదికి విసిరింది.

"నన్నడక్కుండా అక్కడికి వెళ్ళడానికి నువ్వెవడివిరా? నా పెళ్ళికి నువ్వు మధ్యవర్తివా? నేనేమైనా సామానా, ఎలా వాడాలో చెప్పి అప్పగించడానికి? పెన్ను మూతల సంగతి కూడా చెప్పాలా?"

నిలబడి అన్నీ పడ్డాను. హద్దు సంగతి కూడా తెచ్చింది. నా లెక్కకే పునాది లేదట. నేను ఎదురు చెప్పాను. పక్కింటి తలుపు తెరుచుకున్న చప్పుడైంది.

ఉన్నట్టుండి ఆగింది. "ఇంతకీ ఆయన్ని ఏం చేశావు? ఫోన్ చేశారు. నువ్వు అన్నవన్నీ వరసగా చెప్పారు, నువ్వు వెళ్ళే ముందు సంగతికి వచ్చేసరికి ఇక మాట రాదు. కొట్టావా ఏమిటి కొంపదీసి?"

"నేనేం చెయ్యలేదు. వచ్చేటప్పుడు వస్తాను బావా అన్నాను, అంతే."

అక్క సోఫాలో సంచి మీదే కూర్చుండిపోయింది. కళ్ళద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"ఏమన్నావు? మళ్ళీ అను."

అన్నాను.